భార్యాభర్తలు కలిసి చేసే మోర్మన్ చరిత్ర రోడ్ ట్రిప్: పాల్మైరా నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ దారి ఏమిటి? ఇంత పొడుగ్గా ఎందుకుంది?

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫాయెట్‌లో ఒక రైతు ఇంట్లో జోసెఫ్ స్మిత్ అనే 24 ఏళ్ల యువకుడు కొత్త చర్చి స్థాపించాడు. అక్కడి నుంచి 17 ఏళ్లలో ఆ చర్చివాళ్లు (వీళ్లనే మోర్మన్లు అంటారు) ఒహాయో, మిస్సోరి, ఇల్లినాయ్ రాష్ట్రాల మీదుగా కదిలి, చివరికి 1847 జులై 24న ఇప్పటి యూటాకు చేరారు. ప్రతి చోటా ఊరు కట్టారు, ప్రతి చోటా వదిలేశారు. కొన్నిచోట్ల అప్పులు, లోపలి గొడవలు తరిమాయి. కొన్నిచోట్ల చుట్టుపక్కలవాళ్లు తుపాకులతో తరిమారు. అందుకే చూడాల్సినవి ఒక ఊళ్లో లేవు, దాదాపు సగం అమెరికా పొడుగునా ఉన్నాయి.

‘మోర్మన్లు’ అని పిలిస్తే నొచ్చుకుంటారా?

కోపగించుకోరు. కానీ 2018 నుంచి చర్చి తన పూర్తి పేరే వాడమని కోరుతోంది: ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్. గైడ్లతో మాట్లాడేటప్పుడు ‘మీ చర్చి’, ‘లాటర్-డే సెయింట్స్’ అంటే సరిపోతుంది. ‘మోర్మన్ ట్రయల్’ లాంటి చరిత్ర పేర్లను వాళ్లూ అలాగే వాడతారు.

ఏ వరుసలో వెళ్లాలి? మ్యాప్ చూస్తే నావూ ముందు, మిస్సోరి తర్వాత దగ్గరవుతోంది కదా?

నిజమే, దగ్గరవుతుంది. కర్ట్‌లాండ్ నుంచి నేరుగా నావూకి, అక్కడి నుంచి ఇండిపెండెన్స్‌కి, ఆపైన ఒమాహాకి వెళ్తే సుమారు 350 మైళ్లు మిగులుతాయి. అయినా మా సలహా మాత్రం చరిత్ర నడిచిన వరుసలోనే వెళ్లమని. న్యూయార్క్‌లోని పాల్మైరా, ఒహాయోలోని కర్ట్‌లాండ్, మిస్సోరి, ఇల్లినాయ్‌లోని నావూ, ఒమాహాలోని వింటర్ క్వార్టర్స్ అనే చలికాలపు శిబిరం, వయోమింగ్, సాల్ట్ లేక్.

కారణం ఉంది. మిస్సోరిలో ఫార్ వెస్ట్ అనే చోట పొలాల మధ్య నాలుగు మూలరాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఖాళీని చూసొచ్చి నావూలో ఇటుక ఇళ్ల వరుసలు చూస్తే, అన్నీ పోగొట్టుకున్నవాళ్లు రెండోసారి ఎంత పట్టుదలతో కట్టారో కళ్లకు కడుతుంది. తిరగేసి చూస్తే నావూ ఒక అందమైన మ్యూజియం ఊరు, ఫార్ వెస్ట్ ఒక ఖాళీ స్థలం. 350 మైళ్లంటే అయిదారు గంటల డ్రైవింగ్. దానికి మించిన ఫలితం దక్కుతుంది.

ఎన్ని రోజులు కావాలి? ఎన్ని మైళ్లు?

తీరిగ్గా చూడాలంటే 16 రోజులు, ఉరుకుల మీద అయితే 13. ఒకవైపు ప్రయాణం మొత్తం సుమారు 2,750 మైళ్లు. దూరాలు దాదాపుగా ఇలా ఉంటాయి: పాల్మైరా నుంచి కర్ట్‌లాండ్ 250, అక్కడి నుంచి ఇండిపెండెన్స్ 800, ఫార్ వెస్ట్ మీదుగా ఆడమ్-ఆన్‌డై-ఆమన్ (మిస్సోరిలోనే మరో పాత మోర్మన్ ఊరు) 85, అక్కడి నుంచి నావూ 220, నావూ నుంచి ఒమాహా 320, ఒమాహా నుంచి స్కాట్స్‌బ్లఫ్, క్యాస్పర్ మీదుగా సాల్ట్ లేక్ 1,050.

రోజుల లెక్క: రోచెస్టర్ విమానాశ్రయంలో దిగి పాల్మైరాలో రెండు రాత్రులు, కర్ట్‌లాండ్ దగ్గర రెండు, దారిలో ఇండియానాపోలిస్ పరిసరాల్లో ఒకటి, కాన్సాస్ సిటీ వైపు రెండు, నావూ దగ్గర మూడు, ఒమాహాలో ఒకటి, స్కాట్స్‌బ్లఫ్, క్యాస్పర్, రాక్ స్ప్రింగ్స్‌లలో ఒక్కోటి, చివరికి సాల్ట్ లేక్. చాలామంది నావూకి ఒక్క రోజే ఇచ్చి తర్వాత బాధపడతారు. కోయాల్సి వస్తే ఇంకెక్కడైనా కోయండి, నావూలో మాత్రం వద్దు.

పడమటికి వెళ్తున్నారు కాబట్టి గడియారం మీ వైపే ఉంటుంది. ఇండియానా దాటి ఇల్లినాయ్‌లోకి వెళ్లగానే ఒక గంట, నెబ్రాస్కా పడమటి భాగంలో ఇంకో గంట కలిసొస్తాయి.

ఏ నెలలు మంచివి?

మే చివరి వారం నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. అడ్డంకల్లా వయోమింగ్‌తోనే. అక్కడ అక్టోబర్‌లోనే మంచు పడుతుంది, గాలికి ఐ-80 హైవేని గంటల తరబడి మూసేస్తారు. నావూలో నాటక ప్రదర్శనలు చూడాలంటే జులై అనుకూలం, కాకపోతే ఉక్కపోత, దోమలు. జనం తక్కువగా, ఎండ ఓర్చుకునేలా ఉండాలంటే సెప్టెంబర్ మొదటి రెండు వారాలు.

రెండు తేదీలు గుర్తుంచుకోండి. జులై 24 యూటాలో పయనీర్ డే, ఊరంతా పండగ. ఏప్రిల్, అక్టోబర్ నెలల మొదటి వారాంతంలో సాల్ట్ లేక్‌లో చర్చి మహాసభ జరుగుతుంది, హోటళ్లు దొరకడం కష్టం. ఇక ఆదివారాలు. చర్చి నడిపే స్థలాల్లో చాలావాటిని ఆ రోజు ఉదయం పూట తెరవరు. పొడుగాటి డ్రైవింగ్‌ని ఆదివారానికి పెట్టుకుంటే రోజు వృథా కాదు.

మేం ఆ మతంవాళ్లం కాదు. లోపలికి రానిస్తారా? టికెట్ ఎంత?

ఇక్కడే అందరూ తికమక పడతారు. చర్చి నడిపే చరిత్ర స్థలాలు, విజిటర్ సెంటర్లు, పాత ఇళ్లు, జైళ్లు, తోటలు ఎవరైనా చూడొచ్చు, అన్నీ ఉచితం. ఇప్పుడు వాడుకలో ఉన్న టెంపుల్స్, అంటే ముఖ్య క్రతువులు జరిపే భవనాల (పాల్మైరా, నావూ, వింటర్ క్వార్టర్స్) లోపలికి మాత్రం ‘టెంపుల్ రికమెండ్’ అనే అనుమతి కార్డు ఉన్న సభ్యులనే రానిస్తారు. సొంత సభ్యుల్లోనూ ఆ కార్డు లేనివాళ్లు బయటే ఆగాలి. కాబట్టి మిమ్మల్ని పరాయివాళ్లుగా చూశారని అనుకోవద్దు. ఆవరణలో తిరగొచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు.

కర్ట్‌లాండ్ టెంపుల్ దీనికి మినహాయింపు. దాన్ని చరిత్ర కట్టడంగా ఉంచారు, లోపలంతా అందరికీ చూపిస్తారు.

గైడ్లలో చాలామంది రిటైరైన దంపతులు. సొంత ఖర్చుతో ఏడాదో, ఏడాదిన్నరో సేవ చేయడానికి వచ్చినవాళ్లు. టిప్పు ఇవ్వబోతే తీసుకోరు. ‘ఎక్కడి నుంచి వచ్చారు?’ అని మీరే అడిగి చూడండి, సంతోషంగా కబుర్లలో పడతారు.

మతం మార్చే ప్రయత్నం చేస్తారా?

తమ నమ్మకం చెబుతారు, అది వాళ్ల పని. టూర్ చివర్లో ‘మీ చిరునామా ఇస్తే ఎవరినైనా పంపుతాం’ అనో, ‘పుస్తకం కావాలా’ అనో అడగొచ్చు. ‘థాంక్యూ, చరిత్ర చూడటానికే వచ్చాం’ అంటే అక్కడితో ఆపేస్తారు. మొహమాటానికి పోయి ఫోన్ నంబర్ ఇస్తే మాత్రం నిజంగానే ఫోన్ వస్తుంది.

పాల్మైరాలో ఏం చూడాలి?

స్మిత్ కుటుంబం పొలం, దాని వెనక ఉన్న సేక్రెడ్ గ్రోవ్ అనే అడవి. 1820లో ఇక్కడే జోసెఫ్‌కు దైవదర్శనం అయిందని వాళ్ల నమ్మకం. నమ్మకం సంగతి పక్కన పెట్టినా, పొద్దున్నే జనం రాకముందు ఆ చెట్ల మధ్య నడిస్తే ఒకరితో ఒకరు మాట్లాడాలనిపించదు. అంత నిశ్శబ్దం. లేతరంగు ప్యాంటు వేసుకుని, దాని అంచులను సాక్సుల్లోకి దోపుకోండి. ఈ ప్రాంతంలో లైమ్ వ్యాధి తెచ్చే టిక్ పురుగులున్నాయి. బయటికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర, జుట్టులో ఒకరికొకరు చూసుకోవాలి. ఇదే జాగ్రత్త మిస్సోరిలోనూ అవసరం.

పాల్మైరా వీధిలో ఉన్న గ్రాండిన్ ముద్రణాలయం తప్పక చూడండి. వాళ్ల పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మోర్మన్ తొలి ముద్రణ 5,000 ప్రతులు ఇక్కడే అచ్చయ్యాయి. అచ్చు అక్షరాలను చేత్తో పేర్చి, సిరా పట్టించి, ఒక్కో కాగితాన్ని ప్రెస్సులో పెట్టి లాగి, 590 పేజీల పుస్తకాన్ని సుమారు ఏడు నెలల్లో ముగించారు. ఖర్చు 3,000 డాలర్లు. ఆ డబ్బు కోసం మార్టిన్ హారిస్ అనే రైతు తన పొలం తాకట్టు పెట్టాడు, తర్వాత 150 ఎకరాలకు పైగా అమ్ముకున్నాడు. భార్య లూసీకి ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు, వాళ్ల కాపురం నిలబడలేదు. గైడు సిరా పూసి చూపిస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే, ఆ పుస్తకం ఖరీదు 3,000 డాలర్లతో ఆగలేదని తెలుస్తుంది.

హిల్ కమోరా అనే గుట్ట అక్కడికి దగ్గరే. దాని మీద వేసవిలో జరిగే పెద్ద నాటకం 2019తో ఆగిపోయింది. పాత వ్యాసాలు చదివి దానికోసం తేదీలు సర్దుకోవద్దు. ఫాయెట్‌లోని విట్మర్ పొలం (చర్చి స్థాపన జరిగిన చోటు) సుమారు 28 మైళ్లు ఆగ్నేయంగా ఉంది, మొదటి రోజు సాయంత్రానికి పెట్టుకోండి.

కర్ట్‌లాండ్‌కి ఎందుకు రెండు రాత్రులు?

టెంపుల్ కోసం. 1836 మార్చి 27న ప్రతిష్ఠ జరిగిన ఈ కట్టడం చాలా ఏళ్లు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే వేరే చర్చి చేతిలో ఉంది. 2024 మార్చి 5న యూటా చర్చి (లాటర్-డే సెయింట్స్) దీన్ని, నావూలోని కొన్ని ఇళ్లను, పాత రాతప్రతులను కలిపి 192.5 మిలియన్ డాలర్లకు కొన్నది. అంతకు ముందు రాసిన గైడ్ పుస్తకాల్లో ప్రవేశ రుసుము అని ఉంటుంది. ఇప్పుడది లేదు.

లోపల ఒకదాని మీద ఒకటిగా రెండు హాళ్లు. ప్రతి హాల్లోనూ రెండు చివర్లా మెట్లు మెట్లుగా వేదికలు. వక్త ఏ వైపు ఉంటే ఆ వైపు తిరిగి కూర్చునేలా బెంచీలను పెట్టెల్లాంటి గదుల్లో ఇటు నుంచి అటు జరుపుకునే ఏర్పాటు చేశారు. గైడును అడిగితే చూపిస్తారు. అప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు ఇంత ఆలోచించి కట్టారన్నది చిన్న విషయం కాదు.

రెండో రోజు దక్షిణాన 30 మైళ్ల దూరంలోని హైరమ్‌కి వెళ్లండి. జాన్సన్ పొలంలోని ఇంట్లో జోసెఫ్, ఆయన భార్య ఎమ్మా కొన్నాళ్లు ఉన్నారు. 1832 మార్చి 24 రాత్రి ఒక గుంపు జోసెఫ్‌ను బయటికి లాక్కెళ్లి ఒంటికి తారు పూసి ఈకలు అద్దింది. ఆయన మర్నాడే ఉపదేశం చేశాడు.

మిస్సోరిలో దేనికి ఎంత సమయం?

ఇండిపెండెన్స్‌లో ఒక కూడలి చుట్టూ మూడు చర్చిలు కనిపిస్తాయి. 1994లో ప్రతిష్ఠించిన, శంఖంలా మెలితిరిగిన శిఖరం ఉన్నది కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ టెంపుల్. ఎదురుగా యూటా చర్చి విజిటర్ సెంటర్. మధ్యలో, అసలు టెంపుల్ కట్టాలనుకున్న గడ్డి స్థలం మాత్రం చర్చ్ ఆఫ్ క్రైస్ట్ (టెంపుల్ లాట్) అనే చిన్న సంఘం చేతిలో ఉంది. ముగ్గురి పెద్దా జోసెఫ్ స్మితే. ఈ మూడింటికీ ఒక పూట చాలు.

లిబర్టీ జైలుకి గంట. 1838 డిసెంబర్ 1 నుంచి మరుసటి ఏప్రిల్ దాకా జోసెఫ్‌ను, మరికొందరిని ఇక్కడ బంధించారు. జైలును భవనం లోపల తిరిగి కట్టి, లోపలంతా కనిపించేలా ఒక వైపు కోసి చూపిస్తారు. కింది గది సుమారు 14 అడుగుల చదరం, పైకప్పు ఆరడుగుల ఎత్తు. పొడుగరి తిన్నగా నిలబడలేడు. చలికాలమంతా నేల మీద గడ్డే పడక.

మర్నాడు ఫార్ వెస్ట్, ఆడమ్-ఆన్‌డై-ఆమన్. రెండూ పల్లెటూళ్ల మధ్య ఉన్నాయి. తిండి, పెట్రోల్ ముందే చూసుకోండి. ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే దించుకోండి. హాన్స్ మిల్లుకు మట్టిరోడ్డు, వాన పడితే కారు దిగబడుతుంది. పైగా చాలా అద్దె కార్ల ఒప్పందాల్లో మట్టిరోడ్డు మీద జరిగిన నష్టానికి బీమా వర్తించదు. ముందురోజు వాన పడి ఉంటే దాన్ని వదిలేయండి. అక్కడ 1838 అక్టోబర్ 30న 17 మందిని చంపారు. దానికి మూడు రోజుల ముందే గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్, మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయాలి లేదా నిర్మూలించాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. అది కాగితం మీద 1976 దాకా రద్దు కాలేదు.

నావూలో మూడు రాత్రులు ఏం చేస్తాం?

మిసిసిపీ నది వంపులో ఇప్పుడు సుమారు వెయ్యిమంది ఉండే ఊరిది. 1840ల నడుమ ఇక్కడ పది వేలమందికి పైగా ఉండేవాళ్లు. వచ్చినప్పుడు ఇది చిత్తడి నేల. మలేరియాతో చాలామంది చనిపోయారు. కాలవలు తవ్వి నీళ్లు పోగొట్టాక ఊరైంది.

మొదటి ఉదయం నేరుగా విజిటర్ సెంటర్‌కి వెళ్లి గుర్రబ్బండి, ఎద్దుబండి సవారీలకు టికెట్లు తీసుకోండి. ఉచితమే, కానీ జులైలో తొందరగా అయిపోతాయి. ఆ తర్వాత ఇళ్లు, దుకాణాలు. బేకరీలో అల్లం బిస్కెట్ ఇస్తారు, ఇటుకల బట్టీ దగ్గర చిన్న ఇటుక ఇస్తారు. కమ్మరి కొలిమి దగ్గర గుర్రపు నాడాకు కొట్టే మేకును గుండ్రంగా వంచి ఉంగరం చేసిస్తారు. దాన్ని ‘ప్రైరీ డైమండ్’ అంటారు. మేకు తల నలుచదరంగా వేలి మీద రాయిలా నిలుస్తుంది. భార్యాభర్తలు చెరొకటి అడిగి తీసుకోండి, ఈ ప్రయాణంలో ఇంటికి తీసుకెళ్లే వస్తువుల్లో అంతకంటే మంచిది ఉండదు. ఇనుము కాబట్టి తడి తగిలితే తుప్పు పడుతుంది, గుడ్డలో చుట్టి పెట్టుకోండి.

రెండో రోజు జోసెఫ్, ఎమ్మాల ఇళ్లు, ఎర్ర ఇటుక దుకాణం, నది ఒడ్డున వాళ్ల సమాధులు. ఎమ్మా యూటాకు వెళ్లలేదు. నావూలోనే ఉండి 1879లో అక్కడే కన్నుమూసింది. వాళ్ల పెద్ద కొడుకు మూడో జోసెఫ్ 1860లో వేరే చర్చికి నాయకుడయ్యాడు. ఇండిపెండెన్స్‌లో మీరు చూసిన మెలిక శిఖరం వాళ్లదే. ఒకే కుటుంబం రెండు దారులుగా చీలిన సంగతి ఇక్కడ అర్థమవుతుంది.

సాయంత్రం పార్లీ స్ట్రీట్‌లో పడమటికి, నది వైపు నడవండి. 1846 ఫిబ్రవరి 4 నుంచి బండ్లు ఇదే వీధిలో వెళ్లి నది దాటాయి. దారి పొడుగునా వలస వెళ్లినవాళ్ల సొంత మాటలు పలకల మీద ఉన్నాయి. వెనక్కి తిరిగితే గుట్ట మీద టెంపుల్ కనిపిస్తుంది. వాళ్లూ అలాగే తిరిగి చూశారు. అసలు టెంపుల్‌కు 1848లో ఎవరో నిప్పుపెట్టారు, మిగిలిన గోడల్ని 1850లో సుడిగాలి కూల్చింది. ఇప్పుడున్నది 2002 జూన్‌లో ప్రతిష్ఠించింది.

మూడో రోజు కార్తేజ్ జైలు, 23 మైళ్లు. 1844 జూన్ 27న జోసెఫ్‌ను, అన్న హైరమ్‌ను మొహాలకు రంగు పూసుకున్న గుంపు ఇక్కడ కాల్చి చంపింది. మేడ మీది గది తలుపుకి తూటా దూసుకెళ్లిన కన్నం ఇప్పటికీ ఉంది. వేలి మందం కన్నం అది. గదిలో ఉన్న నలుగురూ ఆ తలుపును లోపలి నుంచి భుజాలతో నొక్కి పట్టుకుని ఉన్నారని తెలిశాక దాని మీంచి చూపు తిప్పుకోవడం కష్టం.

బస నావూలోనే దొరికితే మంచిది, గదులు తక్కువ, ముందే బుక్ చేయాలి. లేదంటే అయోవా వైపు కియోకక్ లేదా ఫోర్ట్ మాడిసన్.

బహుభార్యాత్వం గురించి గైడ్లను అడగొచ్చా?

అడగొచ్చు, మర్యాదగా. జోసెఫ్ స్మిత్ ఎమ్మాతో పాటు చాలామందిని పెళ్లాడాడని చర్చి స్వయంగా 2014లో తన వెబ్‌సైట్‌లో రాసుకుంది. 1890లో అధ్యక్షుడు విల్‌ఫర్డ్ ఉడ్రఫ్ ఇచ్చిన ప్రకటనతో చర్చి ఆ పద్ధతి నుంచి బయటపడటం మొదలుపెట్టింది. గైడ్లు దీన్ని తాముగా ఎత్తరు, అడిగితే క్లుప్తంగా చెబుతారు. కార్తేజ్ హత్యలకు నేపథ్యం తెలియాలన్నా ఇది తెలియాలి: బహుభార్యాత్వాన్ని బయటపెట్టిన ఒక పత్రిక ప్రెస్సును జోసెఫ్ మేయర్‌గా ఉన్న నావూ నగర మండలి 1844 జూన్ 10న ధ్వంసం చేయించింది. అరెస్టుకు దారి తీసింది అదే. చేసింది తప్పే. దానికి శిక్ష గుంపు చేతుల్లో చావు కాకూడదు కూడా.

ఒమాహా నుంచి వయోమింగ్ దాకా ఏం ఉంది, అంతా ఖాళీ కదా?

ఖాళీయే, అదే చూడాలి. ఒమాహాలో వింటర్ క్వార్టర్స్ స్మశానం దగ్గర ఆవార్డ్ ఫెయిర్‌బ్యాంక్స్ చేసిన విగ్రహం ఉంది: బిడ్డను పూడ్చిన గోతి పక్కన ఎదురుగాలికి ఒంగి నిలబడ్డ తల్లీతండ్రీ. 1846–47 చలికాలంలో ఆకలి, స్కర్వీ వ్యాధి ఈ శిబిరాల్లో వందలమందిని తీసుకుపోయాయి.

అక్కడి నుంచి చిమ్నీ రాక్, స్కాట్స్‌బ్లఫ్, ఫోర్ట్ లారమీ మీదుగా క్యాస్పర్. క్యాస్పర్‌లో ట్యాంకు పూర్తిగా నింపి, కనీసం ఆరు లీటర్ల నీళ్లు కారులో పెట్టుకుని 220 హైవే మీద నైరుతి దిశగా 55 మైళ్లు వెళ్తే మార్టిన్స్ కోవ్ వస్తుంది, 1856 నాటి వలసదారులు మంచు తుపానులో తలదాచుకున్న చోటు.

1856లో బండ్లు కొనే స్తోమత లేని వలసదారులు చేతిబండ్లు లాక్కుంటూ బయల్దేరారు. విల్లీ, మార్టిన్ బృందాలు ఆలస్యంగా ఆగస్టులో మిస్సోరి నది దాటి ముందుకెళ్లాయి. బండ్లు పచ్చి కర్రతో చేసినవి. ఎండకు కర్ర కుంచించుకుపోయి చక్రాలు వదులయ్యాయి, ఇసుక దూరి ఇరుసులు అరిగాయి. మనిషికి 17 పౌండ్ల సామాను మాత్రమే అనుమతి, అంటే దాదాపు 7.7 కిలోలు. ఇంటికెళ్లేటప్పుడు విమానంలో చేతి సంచికి ఇచ్చే ఏడు కిలోలతో పోల్చుకోండి. బట్టలు, దుప్పటి, గిన్నెలు అన్నీ అందులోనే. బరువు తగ్గించుకోవడానికి దారిలో దుప్పట్లు పారేశారు. అక్టోబర్‌లో మంచు తుపాను ముంచుకొచ్చింది. సాల్ట్ లేక్ నుంచి వచ్చిన రక్షణ బృందాలు చేరేలోపు, చేరాక కూడా కలిపి 200 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు అక్కడ చేతిబండ్లు ఉచితంగా ఇస్తారు. వెళ్లి రావడానికి సుమారు 5 మైళ్లు. ఒకరు ముందు నుంచి లాగితే ఒకరు వెనక నుంచి నెట్టాలి. ఎత్తు దాదాపు 6,000 అడుగులు, చెట్టు నీడ తక్కువ. ఉదయం తొమ్మిదికల్లా బయల్దేరండి, మధ్యాహ్నం గాలి, పిడుగులు ఎక్కువ. ఇసుక తగిలిన చోట చక్రం కూరుకుంటుంది. అక్కడ నెట్టేవాళ్ల బలమే పనికొస్తుంది కాబట్టి లాగేవాళ్లు ఆగి, ఇద్దరూ ఒక్క ఊపున కదలండి.

ఆపైన 287 రోడ్డు పట్టుకుని, ల్యాండర్ ముందు 28 హైవేకి మళ్లి సౌత్ పాస్ (7,412 అడుగులు) మీదుగా వెళ్తే పాత దారికి దగ్గరగా ఉంటారు. అలసిపోతే రాలిన్స్ మీదుగా ఐ-80 ఎక్కేయండి.

కారు, టోల్, పెట్రోల్?

ఒకచోట తీసుకుని మరోచోట ఇచ్చేస్తే డ్రాప్ చార్జీ పడుతుంది. బుక్ చేసేటప్పుడు మొత్తం ధరనే పోల్చి చూడండి, రోజు అద్దెను కాదు. మైళ్ల పరిమితి లేదని నిర్ధారించుకోండి. చాలా కంపెనీలు భార్యనో భర్తనో రెండో డ్రైవరుగా ఉచితంగా ఒప్పుకుంటాయి, అయినా పేరు ఒప్పందంలో రాయించాలి. రాయించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా చేతులెత్తేస్తుంది. ఇండియా లైసెన్స్ మీద నడిపేవాళ్లు అంతర్జాతీయ అనుమతి పత్రం కూడా ఉంచుకోండి.

న్యూయార్క్ త్రూవే మీద టోల్ నగదుగా తీసుకోరు, నంబర్ ప్లేటును ఫొటో తీస్తారు. అద్దె కంపెనీలు దానిపై రోజువారీ రుసుము కలపొచ్చు. క్లీవ్‌లాండ్ నుంచి ఐ-71, ఐ-70 పట్టుకుంటే కాన్సాస్ సిటీ దాకా టోల్ లేదు. గ్యాలన్‌కి 30 మైళ్లు ఇచ్చే కారైతే మొత్తం దారికి సుమారు 92 గ్యాలన్లు.

ఒకరు రెండు గంటలకు మించి నడపొద్దు. నెబ్రాస్కా తిన్నటి రోడ్డు నిద్ర తెప్పిస్తుంది.

శాకాహారులం. తిండి సంగతి?

క్లీవ్‌లాండ్, ఇండియానాపోలిస్, సెయింట్ లూయీ, కాన్సాస్ సిటీ, ఒమాహా, సాల్ట్ లేక్ చుట్టుపక్కల మన హోటళ్లు, సరుకుల కొట్లు ఉన్నాయి. ఇబ్బందల్లా నావూలోనూ, స్కాట్స్‌బ్లఫ్ నుంచి రాక్ స్ప్రింగ్స్ దాకానూ. చిన్న రైస్ కుక్కర్, రెండు కిలోల బియ్యం, పొడులు, ఊరగాయ ఉంటే గడిచిపోతుంది. పులిహోర ఒక రోజు నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం ఐస్ పెట్టె లేకుండా కారులో పెట్టొద్దు. వాళ్లు కాఫీ, టీ, మద్యం ముట్టరు కాబట్టి ఆ స్థలాల్లో కాఫీ దొరకదు, ఫ్లాస్కు నింపుకోండి. యూటాలో తాగి నడిపే పరిమితి 0.05 శాతం, దేశంలో అన్నిటికంటే కఠినం.

సాల్ట్ లేక్ టెంపుల్ చూడగలమా?

1853 నుంచి 1893 దాకా 40 ఏళ్లు కట్టిన టెంపుల్‌ను భూకంపాలకు తట్టుకునేలా 2019 చివరి నుంచి బాగుచేస్తున్నారు. 2027 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అందరికీ లోపల చూపించే ఏర్పాటును చర్చి ప్రకటించింది. సభ్యులు కానివాళ్లు లోపల అడుగుపెట్టే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో, కాబట్టి తేదీలు మీ చేతిలో ఉంటే అప్పటికి పెట్టుకోండి. టాబర్నేకిల్ గాయకబృందం ఆదివారం ఉదయం 9:30 ప్రసారానికి ముందే వెళ్లి కూర్చోవాలి. మిగతా సమయంలో చర్చి చరిత్ర మ్యూజియం, ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీ (వంశచరిత్రల గ్రంథాలయం), రెండూ ఉచితమే.

ఈ చర్చికి తెలుగువాళ్లతో సంబంధం ఉందా?

ఉంది. 1978 డిసెంబర్‌లో సమోవా నుంచి ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు హైదరాబాద్‌లోని బంధువుల దగ్గరికి వచ్చి బోధించగా 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇండియాలో ఈ చర్చి మొదటి ‘స్టేక్’ (జిల్లా స్థాయి విభాగం) 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. ఈ మాట చెబితే గైడ్ల మొహాలు వెలిగిపోతాయి.

మాలో ఒకరికే చరిత్ర ఇష్టం. రెండోవాళ్లకి విసుగు రాదా?

రోజుకి రెండు టూర్లకు మించి పెట్టుకోకండి. మూడో గైడు దగ్గరకొచ్చేసరికి ఇష్టమున్నవాళ్లకే తల తిరుగుతుంది. పనులున్న చోట్ల (ప్రెస్సు, కొలిమి, చేతిబండి) ఇద్దరికీ పొద్దు తెలియదు. జైళ్లు, స్మశానాలు వరుసగా పెట్టుకోవద్దు. కార్తేజ్ చూసిన సాయంత్రం ఏమీ పెట్టుకోకుండా నది ఒడ్డున గడపండి.

అయిదు రోజులే ఉన్నాయి. ఏది చూడాలి?

కాన్సాస్ సిటీలో దిగి ఇండిపెండెన్స్, లిబర్టీ, ఫార్ వెస్ట్, నావూ, కార్తేజ్ చూసి తిరిగి అక్కడికే. సుమారు 550 మైళ్లు, డ్రాప్ చార్జీ లేదు. నావూలో రెండు రాత్రులు ఉంచండి.

యూటా దాకా వెళ్లాక ఇంకా సమయం ఉంటే?

ఐ-15 మీద దక్షిణానికి వెళ్లండి. దారిలో 1867లో రాతితో కట్టిన కోవ్ ఫోర్ట్, ఆపైన సెయింట్ జార్జ్‌లో జోసెఫ్ తర్వాత చర్చిని యూటాకు నడిపించిన నాయకుడు బ్రిగమ్ యంగ్ చలికాలపు ఇల్లు ఉన్నాయి. అక్కడి నుంచి ఉత్తరంగా 18 హైవే మీద మౌంటెన్ మెడోస్ వస్తుంది. 1857 సెప్టెంబర్ 11న ఆర్కన్సా నుంచి వెళ్తున్న వలసదారుల్లో సుమారు 120 మందిని, ప్రాణాలు కాపాడతామని మాటిచ్చి ఆయుధాలు వదిలించి, స్థానిక మోర్మన్ సైనికదళం చంపింది. 17 మంది పసివాళ్లను మాత్రం వదిలారు. దానికి మరణశిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కడికే, 1877లో. హాన్స్ మిల్లు, కార్తేజ్ చూసినవాళ్లు ఇది కూడా చూసి తీరాలని మా అభిప్రాయం. స్మారకాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి: గుట్ట మీద పేర్లు చెక్కిన రాయి, కింద లోయలో సమాధి. రెంటికీ కలిపి రెండు గంటలు పెట్టుకోండి. అక్కడ గైడ్లు లేరు, నీళ్లు దొరకవు.